అప్పు తెచ్చి పక్కన పెడితే అది అత్యవసర నిధి అవుతుందా?

అల్వాల్ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది:

“నా వయసు 31. ప్రీస్కూల్ టీచర్‌ని, జీతం 22 వేలు. మావారు జీడిమెట్లలో ఫార్మా కంపెనీలో చేస్తారు, 41 వేలు. నాలుగేళ్ల బాబు. అద్దెతో కలిపి నెల ఖర్చు 46 వేలు. అందులో చిట్టీ 5 వేలు. లక్ష చిట్టీ, 20 నెలల్లో 9 కట్టాం. బ్యాంకులో 60 వేలు, ఇంట్లో పది తులాల బంగారం ఉన్నాయి. నా క్లాసులో మాటలు ఆలస్యమైన పిల్లల్ని, ఆటిజం ఉన్న పిల్లల్ని చూశాక ఈ పనే చేయాలనిపించింది. ఉద్యోగం మానేసి రెండేళ్ల బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్, వీలైతే తర్వాత ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో (ఎదుగుదల ఆలస్యమైన పిల్లలకు చిన్నప్పుడే ఇచ్చే శిక్షణ) పీజీ డిప్లొమా చేయాలని ఉంది. ఫీజు, ప్రయాణం కలిపి రెండేళ్లకు లక్షా 20 వేలు. దానికి బంగారం తాకట్టు పెడతాం. ఎమర్జెన్సీ ఫండ్ కోసం తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు తీసుకుంటాం. చిట్టీ కూడా ఈ నెలే పాడేస్తాం. చదువయ్యాక సొంత సెంటర్ పెట్టాలని ఆశ. ప్లాన్ బాగుందా సార్?”

మీరు ఎంచుకున్న పని చాలా మంచిది. ఆరేళ్లలోపు పిల్లలకు సరైన శిక్షణ అందితే తర్వాతి బడి జీవితమే మారిపోతుంది. ఆ పని తెలిసిన టీచర్లు మనకు సరిపోయినంత మంది లేరు. చదవండి, తప్పకుండా చదవండి. కానీ ఆ 3 లక్షల అప్పు మాత్రం వద్దే వద్దు. ‘ఎమర్జెన్సీ ఫండ్ ఉండాలి’ అని ఇన్నాళ్లూ చెప్పినందుకు, ఇప్పుడు చాలామంది దాన్ని అప్పు చేసి మరీ పెట్టుకుంటున్నారు. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 3 లక్షల మీద నెలకు 6 వేలు, రెండేళ్లకు లక్షా 44 వేలు. అసలు అలాగే ఉంటుంది. ఇప్పుడు మీ ఇంటి లోటు ఎంతో చూడండి. మీ జీతం ఆగితే 41 వేల రాబడి, 46 వేల ఖర్చు. నెలకు 5 వేలు తక్కువ. ఆ 5 వేలూ చిట్టీవే, అది ఇంకా 11 నెలలే. అంటే మొత్తం లోటు 55 వేలు. దానికి లక్షా 44 వేల వడ్డీ కడతారా? పైగా మీ బ్యాంకులో 60 వేలు ఉండగా! ఆ అప్పు వడ్డీ కట్టడానికి ఆ అప్పులోంచే డబ్బు తీయాల్సి వస్తుంది. రెండేళ్లు తిరిగేసరికి, ఇంట్లో నిజంగా ఎవరికైనా ఆరోగ్యం బాగోలేని రోజుకి అందులో దాదాపు సగమే మిగులుతుంది. అత్యవసర నిధి అంటే ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు.

ఒక్క విద్యా సంవత్సరం ఆగండి. ఇప్పుడు ఇద్దరి జీతాలూ కలిపి 63 వేలు, ఖర్చు 46 వేలు. నెలకు 17 వేలు మిగలాలి, కానీ అది ఎటు పోతోందో మీ ఉత్తరంలో లేదు. ఈ రోజు నుంచి అది వేరే ఖాతాలోకి పోవాలి. 11 నెలలకు లక్షా 87 వేలు. చిట్టీ అయిపోయాక పన్నెండో నెల 22 వేలు. మీ 60 వేలతో కలిపితే 2 లక్షల 69 వేలు. చిట్టీని పాడకుండా ఆఖరుదాకా ఉంటే కమిషన్ పోను 95 వేల దాకా చేతికొస్తుంది. ఫీజులో ఎక్కువ భాగం దానితోనే తీరిపోతుంది, మిగతా 25 వేలు పొదుపులోంచి తీయండి. అప్పటికి ఇంటి ఖర్చు 41 వేలే కాబట్టి మీవారి జీతంతో సరిపోతుంది. చేతిలో దాదాపు ఆరు నెలల ఖర్చు ఉంటుంది. బంగారం బీరువాలోనే ఉంటుంది. పండగలకీ పెళ్లిళ్లకీ కొంత పోయి ఐదు నెలల ఖర్చే మిగిలినా చేరిపోండి.

ఈ నిధి చదువుకునే రెండేళ్లకే అనుకోవద్దు. ఈ రంగంలో చాలా సెంటర్లు సెషన్ లెక్కన డబ్బిస్తాయి. శిక్షణకు వచ్చే బిడ్డకు జ్వరమొస్తే సెషన్ ఉండదు. దసరాకి, సంక్రాంతికి, ఎండాకాలంలో ఊరెళితే ఉండదు. జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాల్లో ఉన్నవి కాంట్రాక్టు పోస్టులు. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 1,016 ఉన్న మాట నిజమే. మళ్లీ నోటిఫికేషన్ వస్తుందన్న ధీమాతో ఈఎంఐలు పెట్టుకోవడం మాత్రం ప్రమాదం. మొదటి రెండేళ్లు మీ రాబడి ఎగుడుదిగుడుగానే ఉంటుంది.

ఫీజు కట్టేముందు ఒక పని తప్పనిసరి. ఆ కాలేజీలో ఆ కోర్సుకి, మీరు చేరే విద్యా సంవత్సరానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడండి. 1992 చట్టం ప్రకారం కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయకూడదు. వారాంతాల్లో చెప్పే ఆన్‌లైన్ సర్టిఫికెట్లతో ఆ నంబరు రాదు. మీకు దగ్గర్లోనే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నీపిడ్ ఉంది. ముందు అక్కడ ప్రయత్నించండి. చిన్నపిల్లలతో ప్రాక్టికల్స్‌కి అంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు.

రెండేళ్లు ఇల్లంతా ఒక్క జీతం మీదే నడుస్తుంది కాబట్టి మీవారి పేరున 75 లక్షల టర్మ్ పాలసీ, కంపెనీదానితో సంబంధం లేకుండా కుటుంబానికి సొంత ఆరోగ్య బీమా ఈ ఏడాదిలోనే తీసుకోండి. ఫీజుకి ఎలాగూ చాలకపోతే బ్యాంకు విద్యారుణం అడగండి, 4 లక్షల దాకా సాధారణంగా తాకట్టు అడగరు. సొంత సెంటర్ ఆలోచన రిజిస్ట్రేషన్ వచ్చి, మూడు నాలుగేళ్లు పనిచేశాకే. అప్పుడు కూడా అప్పుతో వద్దు.

తెలిసినవాళ్లకు ఈ వారమే ఫోన్ చేసి డబ్బు అక్కర్లేదని చెప్పండి. ప్రామిసరీ నోటు మీద ఇప్పటికే సంతకం చేసి ఉంటే, డబ్బు తీసుకోలేదు కాబట్టి ఆ నోటు వెనక్కి అడిగి తెచ్చుకోండి. ఈ నెల చిట్టీ పాటకు వెళ్లకండి.