అడవి అంచున తోట ఉంటే ఫైర్ లైన్ ఎప్పుడు వేయాలి?

భాకరాపేట దగ్గర రిజర్వ్ ఫారెస్టును ఆనుకుని మామిడితోట ఉంది, ప్రతి ఎండాకాలం అడవి అంటుకుంటోంది, ముందే మేమే అంచు గడ్డి కాల్చేస్తే సరిపోతుందా అని అడిగారు కదన్నా. సొంతంగా మాత్రం కాల్చొద్దు. రిజర్వ్ ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం, పైగా గుట్ట వాలులో మంట పైకి ఎక్కిందంటే మనం పరుగెత్తినా అందదు.

మాదీ చంద్రగిరి వైపు ఇలాంటి తోటే. ఒక ఏడు సంక్రాంతి కాగానే ఫైర్ లైన్ అని, అంటే మంట దాటకుండా ఖాళీ పట్టీలా, కంచె పొడవునా పదడుగుల వెడల్పున గడ్డి కోయించి, ఇంక భయం లేదనుకున్నాం. మార్చిలో అడవి ఆకు రాల్చింది, మేం శుభ్రం చేసిన జాగా మీదే జానెడు మందాన ఎండుటాకు పడితే చూసుకోలేదు, ఒక మధ్యాహ్నం గాలి తిరిగి ఆ ఆకు పట్టుకునే మంట లోపలికి వచ్చేసింది. పదకొండు బెంగళూరా మామిడి చెట్లు, రెండు వరసల డ్రిప్ పైపులు పోయాయి. నాన్న నాటిన చెట్లు, ఇప్పటికీ అటు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

అప్పటి నుంచి లైన్ రెండుసార్లు చేస్తున్నాం. వానలు డిసెంబర్‌తో ఆగిపోతాయి, సంక్రాంతికల్లా బోదగడ్డి పసుపెక్కుతుంది, అప్పుడు మన హద్దు లోపల ఇరవై అడుగులు మట్టి కనిపించేదాకా చెక్కించాలి. గడ్డి కోసి అక్కడే వదిలేస్తే ఏం లాభం లేదు. మళ్లీ మార్చిలో వారానికోసారి ఆకు ఊడ్చాలి. హద్దు అవతల కాల్చాల్సి వస్తే డిసెంబర్‌లోనే అటవీశాఖ బీట్ ఆఫీసర్‌ను కలవండి, వాళ్లే తెల్లారి మంచు ఉండగా, గాలి లేనప్పుడు, మనుషుల్ని పెట్టుకుని కాలుస్తారు.

ఇంకోటి, నాన్న వాళ్ల కాలంలో కొట్టాలు కప్పడానికి బోద కోసుకుపోయేవాళ్లు, ఇప్పుడు అన్నీ మిద్దెలే కాబట్టి కోసేవాళ్లు లేరు, ఏళ్ల తరబడి గడ్డి అలాగే పేరుకుపోతోంది. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లతో నీళ్లు పోయాల్సి వచ్చింది. మంట అంత ముదిరాక పచ్చి కొమ్మలు పట్టుకుని మనం చేసేదేం లేదు.

కొత్త చిగురు వస్తుందని నిప్పు పెట్టే కాపరులతో గొడవకు దిగకండి, కూర్చుని మాట్లాడండి, మాకైతే ఇప్పుడు పొగ కనబడితే ముందు ఫోన్ చేసేది వాళ్లే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ఉచిత ఎస్ఎంఎస్ అలర్టుకు కూడా రిజిస్టర్ చేసుకోండి, కానీ ఉపగ్రహం మన మీదుగా వెళ్లినప్పుడే మంటను పట్టుకుంటుంది కాబట్టి ఒక్కోసారి గంటల ఆలస్యం అవుతుంది. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలు తోటలో ఒక మనిషి ఉండాల్సిందే.