ఓనరు అద్దె పెంచుతానన్నాడని కంగారుపడకు

బుజ్జీ,

రాత్రి ఫోన్లో నీ గొంతు వింటే అప్పుడే సామాను లారీ ఎక్కించేసినట్టు ఉంది. 18,000 అద్దెని 21,000 చేస్తానన్నాడు, అంతేగా! ఎక్కువే, కాదనను. హైదరాబాద్‌లో మామూలుగా 5 నుంచి 10 శాతం పెంచుతారు, ఇది 16 దాటింది. అయినా అడిగినంతా వస్తుందని ఆయనా అనుకుని ఉండడు. నువ్వేమో వాట్సాప్‌లో "ఇది అన్యాయం అంకుల్" అని పెట్టి కూర్చున్నావు. ఇలాంటి మాటలు ఎదురుగా కూర్చుని నవ్వుతూ అంటే చెల్లుతాయి, ఫోన్లో చదువుకుంటే గుచ్చుకుంటాయి.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక కిందికి వెళ్లు. ఇంటావిడ కూడా ఉండేలా చూసుకో. అద్దె ఎంతని చెప్పేది ఆయనే అయినా, ఖాళీ చేయించాలా వద్దా అన్నది చాలా ఇళ్లలో ఆవిడే తేలుస్తుంది.

నేను ముప్ఫై ఏళ్లలో ఏడు అద్దె ఇళ్లు మారాను. ఇప్పుడు మా పై పోర్షన్ నేనే అద్దెకిస్తున్నాను కాబట్టి ఓనర్ల గుట్టు కూడా తెలుసు. పోయినేడు ఆ పోర్షన్ రెండు నెలలు ఖాళీగా ఉండిపోయింది. టులెట్ బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి. వచ్చినవాళ్లు కొళాయి తిప్పి, కిటికీ తెరిచి, "ఇంట్లో అడిగి చెప్తామండీ" అని వెళ్లిపోయేవారు. ఆ రెండు నెలలూ నాకు సరిగ్గా నిద్రపట్టలేదంటే నమ్ము.

ఇప్పుడు మీ ఓనరు లెక్క చూడు. నెలకి 3,000 చొప్పున అగ్రిమెంటు 11 నెలలకి ఆయనకి అదనంగా వచ్చేది 33,000. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయేది 36,000. పైగా నీ అగ్రిమెంటు ఆషాఢంలో ముగుస్తోందన్నావు. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్లు ఎంతమంది? శ్రావణం వచ్చేదాకా ఆయన ఎదురుచూడాల్సిందే. ఈ లెక్క నీ మనసులో ఉంటే చాలు, ఆయన ముందు విప్పావో బెదిరిస్తున్నావనుకుంటాడు. "మూడేళ్లలో అద్దె ఒక్కసారీ 5వ తారీఖు దాటలేదు, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉందామనుకుంటున్నాం అంకుల్" అని చెప్పు. మిగతా లెక్క ఆయనే వేసుకుంటాడు.

900 దగ్గర మొదలుపెట్టు, అది 5 శాతం. 1,500 దాకా వెళ్లొచ్చు. నువ్వు ఇల్లు మారినా లారీకి, బ్రోకరుకి, కొత్త అడ్వాన్సుకి, ఇక్కడ పెయింటింగ్ పేరుతో కోసుకునేదానికి ఎంత పోతుందో ముందే కాగితం మీద వేసుకో. మంకుపట్టు పట్టే ముందు ఒకసారి అది చదువుకో.

నేను ఒకసారి మంకుపట్టు పట్టాను. నెలకి రెండు వందల దగ్గర మాటా మాటా పెరిగి ఇల్లు ఖాళీ చేశాను. ఆ ఇంటి ఓనరు నేను గోడకి కొట్టిన మేకులు ఒక్కొక్కటే లెక్కపెట్టి అడ్వాన్సులో సగం కోసేశాడు. కొత్తింటి అద్దె పాతదానికంటే మూడు వందలు ఎక్కువ. మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతారు.

ఆయన అంకె దగ్గర దిగకపోతే వేరే పక్క నుంచి రా. బాత్రూం తలుపు కింద చెక్క నాని పొట్టు రాలుతోందని, వంటింటి సింకు కింద బకెట్ పెడుతున్నావని చెప్పావుగా. "సరే అంకుల్, మీ మాటే ఉంచుదాం, ఈ రెండూ ఈ నెలలో చేయించండి" అను. చాలామంది ఓనర్లకి అద్దె తగ్గించడం నామోషీ, ప్లంబర్‌ని పిలవడం కాదు.

హెచ్‌ఆర్‌ఏ, అదే జీతంలో వచ్చే ఇంటద్దె అలవెన్సు మీద పన్ను తగ్గించుకోడానికి ఆయన పాన్ నంబరు కావాలి కదా, ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో అడుగుతారు. ఆ మాట మాత్రం బేరం మధ్యలో ఎత్తకు, ఇన్‌కమ్ టాక్స్ అంటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అద్దె పెరిగింది కాబట్టి అడ్వాన్సు కూడా పెంచమంటే ఒప్పుకోకు. తేలిన అంకె, రిపేర్లు, వచ్చేసారి ఎంత శాతం పెంచాలో, అన్నీ కొత్త అగ్రిమెంటులో రాయించు. "నోటిమాట చాలదా అమ్మా" అంటాడు. "మా ఆయనకి మతిమరుపు అంకుల్" అని నవ్వెయ్.

వెళ్లేటప్పుడు ఆ తలుపు ఫోటో తీసుకెళ్లు. మధ్యాహ్నం నేను కునుకు తీస్తాను, నాలుగు తర్వాత ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ