32 లక్షలు కట్టాం, ఎగిరింది 82 గంటలు: పైలట్ కోర్సు మాన్పించాలా?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి కమీషన్ వ్యాపారం. ఇంటర్ ఎంపీసీ అయ్యాక మా అబ్బాయిని ఫ్లయింగ్ స్కూల్లో చేర్చి 14 నెలలైంది. ప్యాకేజీ 46 లక్షలు: గంటకు 18,000 చొప్పున 200 గంటలకు 36, గ్రౌండ్ క్లాసులు, హాస్టల్‌కు 6, మల్టీ ఇంజిన్, పరీక్షలకు 4. ఇప్పటికి 32 కట్టాం. ఎగిరింది 82 గంటలు, గత రెండు నెలల్లో నాలుగే. డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) పేపర్లు రెండు పోయాయి. ‘నావల్ల కాదు, వచ్చేస్తా’ అంటున్నాడు. స్కూలేమో ఇంకో 10 లక్షలు అడుగుతోంది. 14 లక్షల ఎఫ్‌డీ, బ్రాడీపేటలో ఇల్లు ఉన్నాయి. ఇల్లు తనఖా పెట్టమంటారా?

జవాబు: ఆ 10 లక్షలు ఇప్పుడే కట్టకండి. 82 గంటలకు అయింది 14.76 లక్షలు. గ్రౌండ్, హాస్టల్ 6 పూర్తిగా తీసేసినా 11.24 లక్షలు స్కూలు దగ్గర అడ్వాన్సుగా ఉన్నట్టే. అంటే ఎగరని 62 గంటలకు డబ్బు ముందే ఇచ్చేశారు. యార్డులో కాటా వేయకుండా టిక్కీలకు (మిర్చి బస్తాలకు) డబ్బిస్తారా? ఇక్కడ ఎగిరిన గంటలు రాసే లాగ్‌బుక్కే కాటా.

పిల్లలు మధ్యలో మానేసేది ఎక్కువగా చేతకాక కాదు, ఎగరక. వానాకాలం, మరమ్మతుకెళ్లిన విమానం, ఇన్‌స్ట్రక్టర్ల కొరత, కిస్తీ ఆలస్యం, వీటిలో ఏదో ఒకటి చాలు. మూడు వారాలు ఖాళీగా కూర్చుంటే ల్యాండింగ్‌లో చెయ్యి తప్పుతుంది. సోలో (ఒంటరిగా ఎగరడానికి) పంపే ముందు ఇన్‌స్ట్రక్టర్ మళ్లీ పక్కన కూర్చుని చూస్తారు. ఆ గంటకూ బిల్లు పడుతుంది, కానీ పిల్లాడు అక్కడే ఉంటాడు. దాంతో ‘నావల్ల కాదు’ అనే మాట వస్తుంది. పేపర్లకు 70 శాతం రావాలి. అవి మిగిలిపోతే ఎగరడం మీదా మనసు నిలవదు.

లాగ్‌బుక్ తెప్పించి పైలట్ ఇన్ కమాండ్ గంటలు, అంటే విమానం బాధ్యత తనదిగా ఎగిరినవి, విడిగా చూడండి. లైసెన్సుకు 200లో అవి 100 ఉండాలి. వాడికి 24 ఉన్నాయనుకుందాం. ఇంకా 76 కావాలి, మిగిలిన 118లో డ్యూయల్‌కు (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగరడానికి) దక్కేది 42. అది దాటిన ప్రతి డ్యూయల్ గంటా 200 పైన అదనపు ఖర్చే. ఇలా 20 గంటలు పెరిగితే 3.6 లక్షలు.

చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడి 60 రోజుల్లో 30 గంటలు ఎగిరిస్తామని రాయించుకోండి. అదే గడువులో అబ్బాయి పోయిన పేపర్లకు సిద్ధం కావాలి. 30 గంటలు పూర్తయి, వాడు వరసగా సోలోలు చేస్తుంటే కొనసాగించండి. స్కూలే విమానం ఇవ్వకపోతే వేరే స్కూలుకు మారొచ్చు, సర్టిఫై అయిన గంటలు పనికొస్తాయి. అందుకే గొడవకు దిగే ముందే లాగ్‌బుక్‌లో సంతకాలన్నీ పూర్తి చేయించండి, ఒప్పందంలో రీఫండ్ నిబంధన చదవండి. వరసగా ఎగిరించినా వాడికి ఇష్టం లేకపోతే మాన్పించండి. కట్టిన 32 లక్షలను ఆ నిర్ణయంలోకి లాగొద్దు.

ప్యాకేజీలో మిగిలింది 14 లక్షలు, మీ ఎఫ్‌డీ అంత. అదనపు గంటలకు వెసులుబాటు లేదు, లైసెన్సు తర్వాత టైప్ రేటింగ్‌కు (ఒక నిర్దిష్ట రకం విమానం నడిపే శిక్షణకు) మరో 12 నుంచి 20 లక్షలు అవుతాయి. ఇల్లు తనఖా పెట్టాల్సి వస్తే ఆ ఖర్చులకే రావాలి. అప్పుడైనా బ్యాంకు విద్యారుణమే మేలు: 7.5 లక్షలు దాటితే సాధారణంగా తనఖా అడుగుతారు గానీ కోర్సు ముగిశాక ఏడాది వరకు కిస్తీలు ఉండవు. 15 లక్షలు 11 శాతానికి 15 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 17,050. వాడికి ఉద్యోగం రాకపోయినా మీ వ్యాపారం ఇది మోయగలదా చూసుకోండి.

ఈలోగా ఆ ఎఫ్‌డీని 3.5 లక్షల చొప్పున నాలుగుగా విడగొట్టండి, ఒకటి మధ్యలో తీసినా మిగతా మూడింటి వడ్డీ తగ్గదు.