మింగకుండా చదివే చదువు

ప్రశ్న: లండన్‌లో రెస్టారెంటులో పనిచేస్తున్నాను. డబ్ల్యూఎస్‌ఈటీ (వైన్ చదువులు చెప్పే సంస్థ) వైన్ కోర్సులో మూడో స్థాయి చదవమంటున్నారు. నాకు తాగే అలవాటు లేదు. కుదురుతుందా అండీ?

జవాబు: నిక్షేపంగా కుదురుతుంది. నేనూ అక్కడే చదివాను. తరగతిలో అందరూ రుచి చూసి ఉమ్మేస్తారు. మొదటిరోజు నేను సిగ్గుపడి మింగేశాను. మధ్యాహ్నం ఇటలీ పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు!

ఒకనాడు రెండు గ్లాసులు ముందు పెట్టారు. రెండూ షార్డొనే ద్రాక్షే. మొదటిది షబ్లీ. ఫ్రాన్స్‌లోని బర్గండీకి ఉత్తరపు కొస, చలి ఎక్కువ, సున్నపురాయి నేల. ఉమ్మేసి తల కాస్త వంచితే, పచ్చిమామిడి ముక్క నాకినట్లు నోట్లో నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. పులుపును కొలిచేది అలాగే. రెండోది కాలిఫోర్నియా ఎండకు పండి, కొత్త ఓక్ పీపాలో నిలవున్నది. అనాస, వెన్న, వెనిల్లా వాసన, పులుపు తక్కువ. ఎండకూ పులుపుకూ ఉన్న లంకె నాకు తలకెక్కింది ఆ రోజే.

ఎర్ర వైన్లలోని టానిన్‌ను (నోరు పట్టేసే గుణాన్ని) వర్ణించడానికి తోటివాళ్లు తంటాలు పడ్డారు. ఉగాది పచ్చడి తిన్న నాలుకకు ‘వగరు’ కొత్తా? బరోలో అనే ఇటలీ ఎర్ర వైన్ పుక్కిలించగానే పచ్చి నేరేడుకాయ కొరికినట్లు చిగుళ్లు బిగుసుకున్నాయి.

రుచి పరీక్షలో 30 నిమిషాలకు రెండు వైన్లు. పేర్లు కనిపెట్టనక్కర్లేదు, లక్షణాలు, నాణ్యత రాస్తే చాలు. రుచి పరీక్షకూ రాత పరీక్షకూ విడివిడిగా 55 శాతం రావాలి. ఆ పూట సెంటు మాత్రం పూసుకోకండి, పక్కవాళ్లు తిట్టుకుంటారు.