కథలు రాస్తానంటున్న మా అమ్మాయికి

చి. సుజాతకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ కథ చదివాను. విషయం బాగుంది. వాక్యాలే కొత్త ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నట్టు బిగుసుకుపోయాయి. "అమ్మ చేత అన్నం వడ్డించబడింది" అట! మనింట్లో ఎవరైనా అలా అనగా విన్నావా? "అమ్మ అన్నం వడ్డించింది" అను, చాలు.

మీ తెలుగు మేడంని అడిగి ఛందస్సు నేర్చుకో. కథలకు అదెందుకంటావేమో. నాలుగు ఆటవెలది పద్యాలు కట్టి చూడు. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. మూడు, నాలుగు పాదాలకూ అదే వరస. పైగా యతో, ప్రాసయతో కుదరాలి. ఇమడని మాట తీసేసి ఇంకోటి వెతకడం అలవాటైతే వచనంలోనూ దండగ మాట చెవికి గుచ్చుకుంటుంది. మేడం ఎర్రసిరాతో కొట్టేస్తే చిన్నబుచ్చుకోకు, ఎందుకు కొట్టేశారో అడుగు. ఒత్తులూ, ల-ళలూ అంటావా, రోజూ పేపర్లో ఓ పేరా నాన్నని చదవమని ఉక్తలేఖనం రాసుకో.

మిగతాదంతా బామ్మ దగ్గరుంది. సంతకం తప్ప రాదని తీసిపారెయ్యకు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో మేష్టారుగా ఉన్నప్పుడు సవర తెగ మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఆయనకి దండలేసే పెద్దలు ఈ ముక్క కూడా చెబితే బాగుండును. బామ్మ చిక్కుడుకాయలు ఒలిచేవేళ పక్కన కూర్చుని కథ పైకి చదువు. బాగుందంటే పట్టించుకోకు, మనవరాలివి, అంటుంది. "ఆఁ? ఎవరూ?" అన్నచోట మాత్రం పెన్సిలుతో గీత పెట్టు. పొరుగింటి తగువు చెప్పేటప్పుడు ఆవిడ ఎత్తుకోవడమే తగువులోంచి ఎత్తుకుంటుంది. నువ్వు అక్కడికి రావడానికి మూడు పేజీల వెన్నెల కాయించావు.

తాతయ్య నాకు హాస్టలుకు రాసిన కార్డొకటి జెరాక్సు తీయించి పంపుతున్నాను. "వాన పడింది. విత్తనం జల్లాం. మీ అమ్మ కాలు నయం. నువ్వు రానక్కర్లేదు, పరీక్షలు చూసుకో." అంతే. బెంగ అన్న మాట ఎక్కడా లేదు, కార్డంతా అదే.

కథ మళ్లీ రాసేటప్పుడు చేత్తో రాయి, గీత విడిచి గీత. దిద్దడానికి నాకు చోటుండాలి.

మీ పెదనాన్న