అమ్మమ్మ తలనొప్పి మనవడికి వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 8 ఏళ్లు. ఏడాదిగా నెలకు రెండు మూడుసార్లు నుదురంతా నొప్పి అంటూ వాంతి చేసుకుని, చీకటి గదిలో పడుకుంటాడు. నిద్ర లేచాక మామూలుగా ఆడుకుంటాడు. నాకు చిన్నప్పటి నుంచి పార్శ్వపు నొప్పి ఉంది. ఇది నా నుంచే వచ్చిందా? ఒకవైపు రావడం లేదు కాబట్టి బడి ఎగ్గొట్టే నటనేనని బంధువులంటున్నారు. 5 ఏళ్ల పాపకూ వస్తుందా? - ఒక తల్లి, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: పరీక్ష చేయకుండా నిర్ధారించలేను గానీ, మీరు రాసినవి పిల్లల్లో వచ్చే మైగ్రేన్ (పార్శ్వపు నొప్పి) లక్షణాలకు బాగా దగ్గరగా ఉన్నాయి. పార్శ్వమంటే ఒక పక్క అని అర్థమైనా, చిన్న పిల్లల్లో ఈ నొప్పి తరచుగా నుదుటికి రెండువైపులా వస్తుంది, 2 గంటల్లోనే తగ్గిపోవచ్చు కూడా. లేచి ఆడుకున్నంత మాత్రాన నటన అనుకోవడం అన్యాయం.

తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు సగమని వైద్యులు చెబుతారు. అయితే సంక్రమించేది జబ్బు కాదు, త్వరగా రేగే నాడీ స్వభావం. అనేక జన్యువులు తలా కొంచెం కలిసి దాన్ని తెస్తాయి. ఒళ్లు ఒకపక్క కాసేపు చచ్చుబడే అరుదైన రకానికి మాత్రం ఒకే జన్యువులోని మార్పు కారణం కావచ్చు. అలాంటి మొదటి జన్యువును 1996లో గుర్తించారు. ఇందులో మీ తప్పేమీ లేదు. మీ అమ్మగారిని కూడా అడిగి చూడండి: మైగ్రేన్ ఉండేదా అంటే లేదనే పెద్దవాళ్లు, పైత్యం చేసి తలకు గుడ్డ కట్టుకుని పడుకునేవారా అంటే అవునంటారు.

పాపకు రావచ్చు, రాకనూ పోవచ్చు. యుక్తవయసుకు ముందు ఆడ, మగ పిల్లల్లో ఇది ఇంచుమించు సమానం. ఆ తర్వాతే ఆడపిల్లల్లో ఎక్కువవుతుంది. విడతలు విడతలుగా కడుపునొప్పి, కారణం తెలియని వాంతులు, కళ్లు తిరగడం కనిపిస్తే వైద్యుడితో చెప్పండి. ‘నీకూ వస్తుంది’ అని మాత్రం ఆమె ముందు అనకండి.

వంశంలో ఉందన్న ధీమాతో అసలు ప్రమాదాన్ని వదిలేసిన తల్లిదండ్రులూ ఉంటారు. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చి వాంతి కావడం, రోజురోజుకూ నొప్పి పెరగడం, వస్తువులు రెండుగా కనబడటం, నడక తూలడం, జ్వరంతో మెడ బిగుసుకోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇవేవీ లేకపోయినా పిల్లల వైద్యుడికి ఒకసారి చూపించడం మంచిది.

నొప్పి వచ్చిన తేదీ, వేళ, ఆ రోజు పొద్దున టిఫిన్ తిన్నాడా, ఎండలో ఆడాడా, రాత్రి ఎంతసేపు నిద్రపోయాడనేవి ఒక నోటు పుస్తకంలో రాసి తీసుకెళ్లండి. బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ గానీ ఐబుప్రోఫెన్ గానీ నొప్పి మొదట్లోనే ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆస్పిరిన్ ఇవ్వకూడదు, మీరు వేసుకునే మాత్రను సగం విరిచి ఇవ్వడం అసలే వద్దు.