వారానికి మూడు రోజుల పరుగుతో హాఫ్ మారథాన్ చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 39. ఆఫీసు, ఇంటి పనుల వల్ల వారానికి మూడు రోజులే పరుగెత్తగలను. మంగళ, గురువారాల్లో 40 నిమిషాల చొప్పున, ఆదివారం ఇంకాస్త ఎక్కువ. నాలుగు నెలల్లో హాఫ్ మారథాన్ ఉంది. టైమ్ తక్కువ కదా అని మూడు రోజులూ వేగంగానే పరుగెత్తుతున్నాను. పోయిన ఆదివారం 8 కి.మీ. నుంచి ఒకేసారి 13 కి.మీ.కి వెళ్లాను. అప్పటి నుంచి మోకాలి కింద, ముందు ఎముక పక్కన నొప్పి. షుగర్, బీపీ లేవు. ఇక మానేయాలా? – ఒక పాఠకుడు

జవాబు: హాఫ్ మారథాన్ ఆశ వదులుకోనక్కర్లేదు. మూడు రోజుల పరుగుతో 21.1 కి.మీ. పూర్తి చేయొచ్చు. మీకు అడ్డొస్తున్నది వేగం, తొందర.

పరుగు మొదలుపెట్టాక గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలు, స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. అందుకే ఆయాసం రాకపోయినా కాళ్లు మొరాయిస్తాయి.

ముందు నొప్పి సంగతి చూద్దాం. ఎముక లోపలి అంచు వెంబడి నాలుగైదు వేళ్ల మేర నొప్పి ఉండి, విశ్రాంతితో తగ్గుతుంటే అది చాలావరకు షిన్ స్ప్లింట్స్, అంటే ఒత్తిడి ఎక్కువై ముంగాలి ఎముక వెంబడి వచ్చే నొప్పి. అలా కాకుండా వేలితో నొక్కితే ఒకే చోట కలుక్కుమంటున్నా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా, ఆ కాలిపై గెంతలేకపోతున్నా ఎముకలో సన్నటి పగులు ఉండొచ్చు. అప్పుడు పరుగు పూర్తిగా ఆపేసి ఎముకల డాక్టరును కలవండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఈ పగులు కనబడకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. పెయిన్ కిల్లర్ వేసుకుని మాత్రం దయచేసి పరుగెత్తకండి. నొప్పి తెలియక గాయం ముదురుతుంది. పైగా ఒంట్లో నీరు తగ్గిన వేళ ఐబుప్రొఫెన్ లాంటి మందులు కిడ్నీలకు చేటు.

షిన్ స్ప్లింట్సే అయితే రెండు మూడు వారాలు ఆ మూడు రోజులూ సైకిల్ తొక్కండి, లేదా ఈత కొట్టండి. దమ్ము తగ్గిపోతుందని టెన్షన్ పడకండి, అది చాలావరకు నిలుస్తుంది. నొప్పి లేకుండా అరగంట వడిగా నడవగలిగాకే మళ్లీ పరుగు.

అప్పుడు మంగళవారం పరుగు పక్కవారితో ఆగకుండా మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఉండాలి. మొదటి నెల గురువారమూ అంతే. ఆ తర్వాత గురువారం మధ్యలో 15 నిమిషాలు కాస్త వేగం పెంచొచ్చు. ఆదివారం 6 కి.మీ.తో మొదలుపెట్టి వారానికి ఒక కిలోమీటరు, మించితే కిలోమీటరున్నర పెంచండి. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించండి. అలసిపోతే మధ్యలో నడవండి, అందులో తప్పేం లేదు. రేసుకు రెండు వారాల ముందు 16 కి.మీ. నిదానంగా పూర్తయితే చాలు. ముందే 21 పరుగెత్తి చూడాలన్న ఆత్రం వద్దు. గంటన్నర దాటే పరుగుల్లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. రేసు రోజున ఏది తినాలనుకుంటున్నారో దాన్నే ఆదివారాల్లో తిని చూసుకోండి. నీళ్లు దాహాన్ని బట్టి తాగండి. అతిగా తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు.

వారానికి రెండుసార్లు పావుగంట కండరాల వ్యాయామానికి కేటాయించండి. మడమలు ఎత్తి దించడం, స్క్వాట్స్ చాలు. టైమ్ లేదని అందరూ ముందుగా మానేసేది ఇదే. మీ పిక్కలకు మాత్రం ఇది చాలా అవసరం.

మీ కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా? ఉంటే మళ్లీ మొదలుపెట్టే ముందే గుండె పరీక్షలు చేయించుకోండి. పరుగులో ఛాతీ పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం ఉన్న రోజు పరుగు అసలే వద్దు. అలా తప్పిన పరుగును మరుసటి రోజు కలిపి ఎక్కువ దూరం పరుగెత్తకండి, వదిలేయండి.